శామ్ పార్కర్‌ను బతికించిన ఉత్తరాలు

1865 జనవరి నెలలో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అనే శాస్త్ర సంస్థ భవనంలో పనివాళ్లు చలికి తాళలేక ఒక స్టవ్ పెట్టుకున్నారు. గోడలో కనిపించిన ఖాళీని పొగ పోయే దారి అనుకుని పొగగొట్టాన్ని అందులోకి దూర్చారు. నిప్పు లోలోపల రాజుకుని, 24వ తేదీన మంటలు పైకప్పును మింగేశాయి. కార్యదర్శి గదిలో ఉన్న కాగితాలు దాదాపు అన్నీ కాలిపోయాయి. సంస్థ పంపిన ఉత్తరాల నకళ్లు 35 వేల పుటలు, సంస్థకు వచ్చిన ఉత్తరాలు 50 వేల పుటలు ఆ ఒక్క మధ్యాహ్నం బూడిదయ్యాయి. ఆ కార్యదర్శి పేరు జోసెఫ్ హెన్రీ. విద్యుత్తు చదువుకున్న ప్రతి ఒక్కరికీ ఆయన ఒక కొలమానంగా తెలుసు. ప్రవాహంలో మార్పును తీగచుట్ట ఎదిరించే గుణాన్ని, అంటే ప్రేరకత్వాన్ని, కొలిచే ‘హెన్రీ’ ఆయన పేరే.

ఒక శాస్త్రవేత్త మనకు వదిలివెళ్లే ఆస్తిలో సూత్రాలతో సమానమైన విలువ ఉత్తరాలకు ఉందని, ఇంకా చెప్పాలంటే సూత్రాలు చెప్పలేని నిజాన్ని ఉత్తరాలు మాత్రమే చెబుతాయని నా నమ్మకం. హెన్రీ విషయంలో అమెరికా ఈ సంగతి ఆలస్యంగానైనా గుర్తించింది. 1966లో స్మిత్సోనియన్ సంస్థ, నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ కలిసి ఆయన కాగితాల సంకలనానికి పూనుకున్నాయి. నేథన్ రీన్‌గోల్డ్‌తో మొదలై మార్క్ రోథెన్‌బర్గ్ చేతుల మీదుగా, 1972 నుంచి 2007 దాకా 11 సంపుటాలు వెలువడ్డాయి. నాలుగు దశాబ్దాల శ్రమ అది. అందులో ఒక్క రోజు కూడా వృథా కాలేదంటాను.

ఫారడే ముందా, హెన్రీ ముందా అన్న పాత తగాదానే చూడండి. అయస్కాంతంలో మార్పుతో తీగలో విద్యుత్తు పుట్టే విద్యుదయస్కాంత ప్రేరణను ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫారడే 1831లో ప్రకటించాడు, హెన్రీ వ్యాసం 1832 జులైలో అమెరికాలోని సిల్లిమన్ శాస్త్ర పత్రికలో అచ్చయింది. పాఠ్యపుస్తకానికి ఇంతే చాలు. అయితే ఆల్బనీ అకాడమీలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో హెన్రీ రాసిన ఒక ఉత్తరం ఆ ఆలస్యానికి కారణం చెబుతుంది. రోజుకు సగటున ఏడు గంటలు తరగతుల్లోనే గడుస్తున్నాయని, అందులో సగం పై తరగతులకు గణితం చెప్పడానికి, మిగతా సగం అరవై మంది పిల్లలకు కూడికలూ తీసివేతలూ నేర్పే గొడ్డు చాకిరీకి పోతోందని ఆయన వాపోయాడు. పెద్ద ప్రయోగాలకు వేసవి సెలవులే దిక్కు. 2,000 పౌండ్లకు పైగా బరువెత్తగల విద్యుదయస్కాంతాన్ని యేల్ కళాశాల కోసం తయారుచేసిన మనిషి బతుకు ఇది. ప్రతిభలో తేడా వల్ల కాదు, తీరిక లేకపోవడం వల్ల వెనకబడ్డాడని ఆ ఉత్తరం చదివాక అర్థమవుతుంది.

టెలిగ్రాఫ్‌లో హెన్రీ పాత్ర ఎంత అన్న విషయంలో దాని రూపకర్త మోర్స్‌తో వచ్చిన వివాదం ఇంకా గట్టి సాక్ష్యం. టెలిగ్రాఫ్‌కు అమెరికా చట్టసభ కాంగ్రెస్ మద్దతు కోరుతున్న మోర్స్‌కు హెన్రీ 1842 ఫిబ్రవరిలో, తాను ఆచార్యుడిగా ఉన్న ప్రిన్స్‌టన్ కళాశాల నుంచి స్వయంగా ప్రోత్సాహ లేఖ రాశాడు. ఆ తర్వాత పేటెంటు వ్యాజ్యాల్లో హెన్రీ సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. దానితో మండిపడ్డ మోర్స్, తాను హెన్రీకి ఏమీ రుణపడి లేనని 1855లో అచ్చు వేయించాడు. హెన్రీ వీధికెక్కి కేకలు వేయలేదు. విచారణ జరపమని తన సంస్థ పాలకమండలినే కోరాడు. మోర్స్‌కు తొలినాళ్లలో చేదోడుగా ఉన్న లెనార్డ్ గేల్, హెన్రీ పద్ధతులను ఆ యంత్రానికి తగిలించిన తీరును 1856లో ఉత్తర రూపంలోనే ధ్రువీకరించాడు. హెన్రీ మాట నిజమని పాలకమండలి సంఘం 1858లో తేల్చింది. ఆ కాగితాలు లేకపోతే మిగిలేది గొంతు పెద్దదైన వాడి కథ మాత్రమే.

అయితే నన్ను నిలువునా కదిలించింది ఈ పెద్దల తగాదాలు కాదు. ప్రిన్స్‌టన్‌లో హెన్రీ ప్రయోగశాలలో శామ్ పార్కర్ అనే నల్లజాతి సహాయకుడు ఉండేవాడు. ఆమ్లాలు కలిపేదీ, బ్యాటరీలు సిద్ధం చేసేదీ, ప్రయోగానికి ముందు వెనుక ఉండే మురికి పనంతా చేసేదీ అతడే. కళాశాల ట్రస్టీలు తనకొక ‘వస్తువు’ను సమకూర్చారని, అది లేకుండా ఇప్పుడు గడవడం లేదని హెన్రీ ఒక ఉత్తరంలో రాశాడు. ఆ వస్తువు శామ్ పార్కరే. 1842 జూన్‌లో అతడు జబ్బు పడితే హెన్రీ ప్రయోగాలు పూర్తిగా ఆగిపోయాయి, అతడు కోలుకుని వచ్చాకే మళ్లీ మొదలయ్యాయి. అమెరికా అగ్రశ్రేణి భౌతిక శాస్త్రవేత్త పరిశోధన ఒక పనివాడి ఒంట్లోని జ్వరం మీద ఆధారపడి ఉందన్నమాట. పరిశోధన పత్రాలు ‘ప్రయోగం చేయబడింది’ అంటాయి. చేసిన చేతులు ఎవరివో ఉత్తరాలు చెబుతాయి. మనిషిని వస్తువు అన్న ఆ మాట కూడా అందులోనే పదిలంగా ఉంది కాబట్టి, హెన్రీ గొప్పతనాన్నీ ఆ కాలపు క్రూరత్వాన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన చదవగలుగుతున్నాం.

అంతర్యుద్ధం మొదలయ్యాక స్మిత్సోనియన్ ఉపన్యాస మందిరంలో బానిసత్వంపై పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ మాట్లాడేందుకు హెన్రీ అనుమతించలేదన్న నిజాన్ని కూడా ఇదే సందర్భంలో గుర్తుంచుకోవాలి. దొరికిన ఉత్తరాల్లోంచి మంచివి ఏరి, చెడ్డవి దాచేస్తే అది భజన అవుతుంది. మొత్తం అచ్చువేస్తేనే చరిత్ర.

దీన్ని వ్యతిరేకించేవారి వాదన నాకు తెలుసు. ప్రేరకత్వాన్ని లెక్కకట్టే విద్యార్థికి హెన్రీ ఇంటి కబుర్లతో పనేమిటి, ఆరోగ్యం గురించీ జీతం గురించీ రాసుకున్న ఉత్తరాలకు ప్రజాధనం ఎందుకు అంటారు. సమీకరణం వరకే కావాలనుకుంటే వారి మాట సరైనదే. కానీ రేపు ఒక ప్రయోగశాలకు ఎంతమంది సహాయకులు కావాలో, ఉపాధ్యాయుడికి ఎన్ని గంటల తీరిక ఇస్తే పరిశోధన పుడుతుందో నిర్ణయించాల్సిన ప్రభుత్వానికి సమీకరణం ఏమీ చెప్పదు. దానికి జవాబు జీతం, జబ్బు, తీరిక గురించి రాసిన ఆ ఉత్తరాల్లోనే ఉంది. హెన్రీ వాతావరణ పరిశీలన వ్యవస్థను కట్టింది కూడా ఉత్తరాలతోనే. 1849లో సుమారు 150 మంది స్వచ్ఛంద పరిశీలకులతో మొదలై, 1860 నాటికి ఆ సంఖ్య 600 దాకా చేరింది. రైతులు, వైద్యులు, బడిపంతుళ్లు నెలనెలా తపాలాలో పంపిన లెక్కల మీదే తర్వాతి ప్రభుత్వ వాతావరణ సేవకు పునాది పడింది.

ఉత్తరం విలువ తెలియడానికి తెలుగువాళ్లం అమెరికా దాకా పోనవసరం లేదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుంచి పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, సూర్యుడి అంచున లేచే జ్వాలలను గ్రహణం లేని రోజుల్లో కూడా చూసే ఉపాయం కనిపెట్టి, ఆ సంగతిని కాకినాడ నుంచి ఉత్తరంగా పారిస్‌కు పంపాడు. అక్టోబరు చివర పారిస్ శాస్త్ర అకాడమీ ముందుకు ఆ ఉత్తరమూ, అదే పద్ధతిని ఇంగ్లండ్‌లో విడిగా సాధించిన ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ కబురూ ఒకే సమావేశంలో వచ్చాయి. ఇద్దరి ముఖాలతో ఫ్రాన్స్ పతకం ముద్రించింది. కాకినాడ ఉత్తరం పారిస్‌లో భద్రపడింది. అదే కాలంలో విశాఖపట్నంలో సొంత వేధశాల నడిపిన అంకితం వెంకట నరసింగరావు ఎవరెవరికి ఏమేం రాశారో వెదికి, కూర్చి, సంపుటాలుగా తెచ్చే పనిని ఏ తెలుగు విశ్వవిద్యాలయమూ తలకెత్తుకోలేదు. మన ఇళ్లలో పెద్దాయన పోయిన నెలకే ఆయన ఉత్తరాల కట్టలు పాత కాగితాలవాడి తక్కెడకు ఎక్కుతాయి. ఇది చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. విశ్వవిద్యాలయాలు తమ ఆచార్యుల ఉత్తరాలను, ఈమెయిళ్లతో సహా, పదవీ విరమణ నాడే అడిగి తీసుకోవాలి.

కాలిపోయిన హెన్రీ ఉత్తరాలకు 11 సంపుటాలు ఎలా వచ్చాయన్న సందేహం కలుగుతుంది. ఉత్తరానికి రెండు చివరలు ఉంటాయి. రాసినవాడి నకలు కాలిపోయినా, అందుకున్నవాడి పెట్టెలో అసలు మిగులుతుంది. ఇంట్లో మిగిలినవాటిని కూతురు మేరీ జాగ్రత్త చేసింది, సంపాదకులు ఊరూరి గ్రంథాలయాల్లో అవతలి చివరను వెదికారు. 1875 మార్చి 1న అలెగ్జాండర్ గ్రాహం బెల్ అనే యువకుడు హెన్రీని కలిసి, తీగ మీద మాటను పంపాలన్న ఆలోచన చెప్పి, దాన్ని సాధించేంత విద్యుత్ జ్ఞానం తనకు లేదని ఒప్పుకున్నాడు. ‘సంపాదించుకో’ అన్నాడు ఆ వృద్ధుడు. ఆ మాట హెన్రీ కాగితాల ద్వారా మనకు చేరలేదు. ఆ నెలలోనే బెల్ తన తల్లిదండ్రులకు ఉత్తరం రాస్తూ అందులో పెట్టాడు, వాళ్లు ఆ ఉత్తరాన్ని పారేయలేదు.