పాదిరికీ పాదానికీ పొత్తు లేదు

సుబ్బారావు: సుశీలా, గళ్ళనుడికట్టులో పాతకాలపు క్రైస్తవ మతగురువుకు మూడక్షరాల మాట అడిగితే ‘పాదిరి’ అని నింపాను. ఊరూరా కాలినడకన తిరిగి బోధించేవాడు కనుక అది పాదం నుంచే పుట్టిందని నా దృఢమైన అభిప్రాయం.

(ఆమె చేతిలోని పుస్తకాన్ని పక్కన పెట్టింది. ఇక సులభంగా వదలదని అర్థం.)

సుశీల: మీ అభిప్రాయాలు ఎప్పుడూ దృఢమైనవే, వాటికి ఆధారం దొరకడమే అరుదు. అది పోర్చుగీసువారి ‘పాద్రె’ అండీ, తండ్రి అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరి, 1510లో గోవా వారి వశమయ్యాక, ఓడలతోపాటు మతగురువులూ, వారితోపాటు ఆ మాటా పడమటి తీరాన దిగాయి.

సుబ్బారావు: గోవా ఎక్కడ, గుంటూరు ఎక్కడ? అక్కడ దిగిన మాట మన నోటికి ఎలా వచ్చింది?

సుశీల: మీరు తుడుచుకుని మంచం మీద పారేసే తువ్వాలు, ఏళ్ళ తరబడి బాగుచేయిస్తానంటున్న అలమారు, రేపు వస్తానని వారానికి వచ్చే మేస్త్రి ఎలా వచ్చాయో అలాగే వచ్చింది. అవన్నీ పోర్చుగీసు మాటలే.

సుబ్బారావు: పెళ్ళే చేసుకోని కతోలిక గురువును తండ్రి అనడం ఏం న్యాయం?

సుశీల: విశ్వాసులందరూ బిడ్డలే అన్న భావం. అంతకంటే వింత ఇంగ్లీషువారిది. కతోలికులతో తెగతెంపులు చేసుకున్న ప్రొటెస్టెంట్లు అయివుండీ, ఈ దేశంలో అలవాటైన ఆ మాటనే తమ పటాలాల మతబోధకులకు తగిలించారు. బ్రిటిష్ సైన్యంలో ఆయనకు ఇల్లాలూ పిల్లలూ ఉన్నా, ఈనాటికీ ‘పాద్రే’ అనే పిలుస్తారు.

సుబ్బారావు: మరి మనవాళ్ళు పాదిరి అనడం మానేశారేం?

సుశీల: కతోలికులు ‘ఫాదర్ గారు’ అంటున్నారు, అంటే అదే తండ్రిని ఇంగ్లీషులో పిలుస్తున్నారన్నమాట. ‘పాస్టర్’ మాత్రం లాటిన్‌లో గొర్రెల కాపరి. సంఘకాపరి అనడంలో ఉన్నది ఆ భావమే. పాదిరి పాత పుస్తకాల్లోనూ, వెటకారంగా మాట్లాడేవారి నోళ్ళలోనూ మిగిలింది.

సుబ్బారావు: పిల్లలు లేనివారికి అన్ని భాషల్లో తండ్రి హోదా! ఇద్దరిని కన్న నన్ను మాత్రం ఈ ఇంట్లో ఎవరూ అంత గౌరవంగా పిలవరు.

సుశీల: చిన్నవాడు ఏ తరగతి చదువుతున్నాడో తప్పు లేకుండా చెప్పండి, ఈ క్షణం నుంచే ‘నాన్నగారూ’ అనమంటాను.

సుబ్బారావు: ఈ చదువుల గొడవ ఇప్పుడెందుకు గానీ, ఆ తువ్వాలు ఏ మంచం మీద ఉందో చూడు, స్నానానికి వేళయింది.