హాష్ తీయడం రాకుండా డేటా లా ఏంటండీ!

బెంగళూరులో ప్రాక్టీసు పెట్టే మన తెలుగు కుర్రకారుని ఏ రంగం ఎంచుకున్నావని అడిగితే చాలామంది నోట ఒకటే మాట: డేటా ప్రైవసీ, ఏఐ. మంచిదే. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలొచ్చాయి, జరిమానా 250 కోట్ల దాకా ఉంది. పని వస్తుంది, కాదనను. కానీ ఆ పని ముందుగా పోయేది కంపెనీల లీగల్ డిపార్ట్‌మెంట్లకి, పెద్ద ఫర్ములకి. సిటీ సివిల్ కోర్టు చుట్టూ తిరిగే జూనియర్‌కి ఇవాళే కూడు పెట్టే పని ఎలక్ట్రానిక్ సాక్ష్యం. దాన్ని మాత్రం గుమాస్తా పని కింద చూస్తారు.

విడాకులైనా, అద్దె తగాదా అయినా, కోరమంగళలో స్టార్టప్ పార్ట్‌నర్ల గొడవైనా, ఫైల్లో వాట్సాప్ చాట్ ఉండి తీరుతుంది. స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి పడేస్తారు. వాటిని కోర్టు సాక్ష్యంగా గుర్తించే మార్కింగ్ నాడు అవతలి లాయరు లేచి "సర్టిఫికెట్ ఏదండీ?" అంటాడు. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట.

ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఈ సర్టిఫికెట్ అడిగే సెక్షన్, 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం 65బి పోయి భారతీయ సాక్ష్య అధినియమం 63 వచ్చింది. పాత డ్రాఫ్టులో నంబరు ఒక్కటీ మార్చి దాఖలు చేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఇప్పుడు సర్టిఫికెట్ ఫారం చట్టం షెడ్యూల్లోనే ఉంది. ఎ భాగం పార్టీది: పరికరం మేక్, మోడల్, సీరియల్ నంబరు, ఫోనైతే ఐఎమ్‌ఈఐ. బి భాగం నిపుణుడిది. రెండింట్లోనూ హాష్ విలువ, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి అక్షరాల వరుస, అది ఏ పద్ధతిలో తీశారో రాయాలి. ఆ నిపుణుడు ఎవరై ఉండాలన్నది సివిల్ దావాల్లో ఇంకా తలనొప్పే, కాబట్టి ఆ మనిషిని దావా వేయకముందే చూసుకోవాలి.

హాష్ తీయడం బ్రహ్మవిద్యేం కాదు. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్ ఉంది, పైసా ఖర్చు లేదు. షా-256 అనే పద్ధతైతే 64 అక్షరాలొస్తాయి. ఫైలు పేరు మార్చినా ఆ విలువ మారదు. లోపల ఒక్క కామా పెట్టి సేవ్ చేస్తే మొత్తం మారిపోతుంది. క్లయింటు ఫొటోని మామూలుగా వాట్సాప్‌లో పంపితే అది కుదించుకుపోయి వస్తుంది. మీరు దానికి హాష్ తీస్తే ఫోన్లో ఉన్న అసలుతో కలవదు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో దొరికిపోతారు. అందుకే కేబుల్ పెట్టి కాపీ చేసుకోండి, తెరవకముందే హాష్ తీసి తేదీ వేసుకోండి. ఫోను మార్చొద్దని, ఫార్మాట్ చేయొద్దని క్లయింటుకి మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పండి.

సీసీటీవీ ఇంకా ఘోరం. డిస్కు నిండగానే కెమెరా దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్ పెట్టె పాత దృశ్యాల మీదే కొత్తవి రాసేస్తుంది. మారతహళ్లి అపార్ట్‌మెంట్లో గొడవైతే అసోసియేషన్‌కి ఫుటేజీ భద్రపరచమని ఆరోజే లేఖ వెళ్లాలి. లీగల్ నోటీసు దాకా ఆగితే ఖాళీ డిస్కే మిగులుతుంది. వాళ్లు సర్టిఫికెట్ ఇవ్వడానికి ఒప్పుకోకపోతే కోర్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు పరికరమే యజమాని బోనెక్కి చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా అందులోనే ఉంది. అయితే కేసు తేలేదాకా ఫోను కోర్టులో వదిలేసే క్లయింటుని నాకూ చూపించండి.

ఇంత పనీ వకాలత్ ఫీజులో కలిపి ఉచితంగా చేసిపెట్టడం మాత్రం మానండి. బిల్లులో దానికి వేరే వరుస రాయండి.