తరుగు పట్టా నా పేరున

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు భాగస్వాములు విడిపోయారు. నల్లగొండలో కూర్చున్న నాకు దాంతో ఏమి పని అంటే, మిల్లు లెక్కల ప్రోగ్రాము మా ఆఫీసుది; అందులో కోడ్ ఫైళ్లుండే ఫోల్డరుకు, అంటే జావా ప్యాకేజీకి, వెళ్లిపోయిన భాగస్వామి పేరుంది. ఎర్రర్ పడినప్పుడల్లా ఆ పేరు తెర మీద బారులు తీరి సేటు గారి కడుపు మండిస్తోందట. మార్చమన్నారు.

"ఎలాగూ చేయి పెట్టారు, లైన్ల మొదట్లోని ట్యాబులన్నీ స్పేసులు చేసి ఒకే కమిట్‌లో పెట్టేయండి" అన్నారు మేనేజరు గారు. కమిట్ అంటే మార్పులను ఒక మూటగా నమోదు చేయడం. పేరు మార్పు ముందు, మిగతా సర్దుబాట్లు తర్వాత విడిగా పెడదామంటే వినలేదు. పెట్టేశాను.

మర్నాడు వీడియో మీటింగు. తూకంలో తరుగు రెండుసార్లు పోతోందని సేటు గారి గోడు. మేనేజరు ఆ ఫైలు తెరిచి, అందరూ చూస్తుండగా, ఏ లైను చివరగా ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్ నొక్కారు. పహాణీలో పట్టాదారు కాలమ్ రాత్రికి రాత్రి మారినట్టు, పై నుంచి కింది దాకా నా పేరే! తరుగు తీసే లైను నాది. దాని కింద మళ్లీ తరుగు తీసే లైనూ నాదే. "ఇది తీసేస్తే లెక్క తేలడం లేదు, ఎవరూ ముట్టుకోవద్దు, 2014" అని మధ్యలో ఎవరో మహానుభావుడు రాసిపెట్టిన హెచ్చరికా నాదే. 2014లో నేను బడిలో బారువడ్డీతో కుస్తీ పడుతున్నాను. చివరికి ఖాళీ లైన్లు కూడా నా ఆస్తే.

"ఏమ్మా, ఒక్క తరుగుకే రైతులు కొట్లాటకు వస్తారు. రెండు తీసి నన్ను దొంగను చేసింది నువ్వేనా?" అన్నారు సేటు గారు.

ఏమని చెప్పను? కోడ్ మార్పుల చిట్టా రాసేందుకు 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన ఈ గిట్, ప్యాకేజీ పేరుతో పాటు ఫైలు చోటు మారిన సంగతి ఎక్కడా రాసిపెట్టుకోదు. పోయిన ఫైలునూ వచ్చిన ఫైలునూ పోల్చి, మామూలుగా 50 శాతం పోలిక ఉంటే "అదే ఇది" అని ఊహించుకుంటుంది. ట్యాబుల పుణ్యమా అని దాదాపు ప్రతి లైనూ మారింది, పోలిక పోయింది, ఫైలంతా నేనే కొత్తగా రాసినట్టయింది. ఇలాంటిదే మరొకటైన సబ్‌వర్షన్‌లో దాని ఆదేశంతోనే కాపీ చేస్తే, ఎక్కడి నుంచి తెచ్చామో అదే రాసుకుంటుంది. గిట్‌లోనూ నిన్నటి కమిట్‌కు ముందు చూస్తే అసలు పేర్లన్నీ భద్రంగా ఉన్నాయి. ఒక్క అడుగు వెనక్కి వెళ్లి చూడండి అన్నాను.

"అవన్నీ తర్వాత, ముందు సేటు గారికి సారీ చెప్పండి" అన్నారు మేనేజరు గారు. మైకు ఆన్‌లోనే ఉంది. చెప్పాను.

సేటు గారిది పెద్ద మనసు. క్షమించి, నా నంబరు తీసుకున్నారు. ఈ పొద్దున ఏడు కాకముందే ఫోను: ధర్మకాంటా మొరాయించిందట, వచ్చి చూడాలట.