పాటకు రిటైర్మెంట్ ఎప్పుడు?

తెలంగాణ సర్కారు 2021లో ఉద్యోగుల రిటైర్మెంట్ వయసును 58 నుంచి 61కి పెంచింది. పనిలో పనిగా పాటల సంగతి కూడా అప్పుడే తేల్చేస్తే బాగుండేది. సర్కారు నౌకరి చేసే మనిషి ఎంత పనిమంతుడైనా వయసు నిండిన నెలాఖరున శాలువా కప్పించుకుని, మెడలో దండతో ఇంటికి పోవాల్సిందే. పాటకు ఆ భయం లేదు. కొన్ని పాటలు మా నాన్న బడికి పోయే రోజుల్లో డ్యూటీలో చేరాయి, ఇంకా కుర్చీ దిగలేదు. సెలవు పెట్టవు, ట్రాన్స్‌ఫర్ అడగవు, కొత్తవాటికి చోటివ్వవు. నోటిఫికేషన్ కోసం చూసి చూసి వయసు దాటిపోయిన పిల్లలు ఇంటికొకరున్న పాలమూరు వాడిని. కొత్త పాటల పక్షాన నేను కాకపోతే ఎవరు మాట్లాడతారు?

'సీతారామ కళ్యాణం' సినిమా 1961లో వచ్చింది. అందులో సుశీల పాడిన 'సీతారాముల కళ్యాణము చూతము రారండి' ఆ ఏడే కొలువులో చేరింది. అప్పటినుంచి శ్రీరామనవమి డ్యూటీ దానిదే. మా వాడకట్టు పందిట్లో పంతులుగారు అరగంట ఆలస్యంగా వచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు. మైకుసెట్టు పిల్లగాడు ఆ పాట దొరక్క ఫోన్‌లో వెతుక్కుంటుంటే మాత్రం "ఏందిరా, రాములోరి లగ్గం ఆపుతవా?" అని పెద్దమనుషులు కుర్చీల్లోంచి లేస్తారు. తలంబ్రాలు తక్కువైతే సర్దుకుంటారు, పాట లేకపోతే సర్దుకోరు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు అది వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏండ్లు. (రాసినవారి హక్కు వేరు, అది వారు పోయాక ఇంకో 60 ఏండ్లు నడుస్తుంది.) ఆ లెక్కన ఈ రికార్డు గడువు 2021తో ముగిసింది. మనిషైతే పెన్షన్ కాగితాలు పట్టుకుని ట్రెజరీ చుట్టూ తిరిగేవాడు. ఈ పాట మరుసటి ఏడు నవమి పొద్దున జీతం లేకుండా మళ్లీ డ్యూటీకి వచ్చింది.

పైగా చట్టం కూడా దాని పక్షమే. దేవుడి వేడుకల్లో, పెళ్లి ఊరేగింపుల్లో పాట వేసుకుంటే కాపీరైట్ ఉల్లంఘన కాదని 52వ సెక్షన్‌లో రాసిపెట్టారు. అంటే మన బరాత్‌కు పార్లమెంటు ఆమోదం ఉంది. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ కట్టేయాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు కూడా ఉన్నాయి గానీ, మా దగ్గర బరాత్ మొదలయ్యేదే పదింటికి కాబట్టి వాటి గురించి పెద్దగా చర్చించాల్సిన పని లేదు.

ఇక అసలు దోషి దగ్గరికి వద్దాం. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. చివరి రోజుల్లో ఆయన గొంతు పోసిన భగవద్గీత ఇంకా నడుస్తూనే ఉంది. చూడబోతే అది యుద్ధం చేయనని విల్లు కింద పారేసి కూలబడ్డ మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాట. లెక్క ప్రకారం దాన్ని పరీక్ష రాసే పిల్లలకు, పత్తి ధర విని మంచమెక్కిన రైతుకు వినిపించాలి. మనం దానికిచ్చిన పోస్టింగు మాత్రం వైకుంఠరథం మీద. ఇక లేవడని డాక్టరు రాసిచ్చిన తర్వాతే 'లే, లేచి యుద్ధం చెయ్' అని మైకులో చెప్పిస్తాం.

దీని ఫలితం ఏమిటంటే, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బతికున్నవాడు గీత వినాలంటే తలుపులు మూసి, సౌండు తగ్గించి దొంగతనంగా వినాలి. ఓ రిటైర్డ్ సారు పొద్దున్నే కాస్త భక్తి కుదిరి సౌండు పెంచాడనుకోండి, గోడవతల నుంచి "ఎవలు పోయిండ్రక్కా?" అని వస్తుంది. ఇంకో గొంతు "అయ్యో, మొన్న అంగట్ల కనవడ్డడు, మంచిగనే ఉండె గదా" అంటుంది. ఈ లోపల ఎవరో మేలుకోరి టెంటుహౌస్‌కు ఫోన్ కొట్టేస్తాడు. సారు చాయ్ గిలాస చేతపట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడితే తప్ప విషయం సద్దుమణగదు. అప్పుడు కూడా "పాట పెట్టిర్రు గదా అని వచ్చినం సార్" అని తప్పు ఆయన మీదే వేసి పోతారు. కుర్చీలు తెచ్చిన ఆటో కిరాయి ఎవరివ్వాలన్నది మిగులుతుంది.

కాబట్టి పాట నిలిచేది తీపి వల్లనో, రాగం వల్లనో, సాహిత్యం వల్లనో అని చెప్పే పండితులతో నాకు పేచీ ఉంది. పాటకు పోస్టు కావాలి. లగ్గమో, చావో, జాతరో, బతుకమ్మో ఏదో ఒక డ్యూటీ పడాలి. రామనవమి పాట ఉన్న సినిమాలోనే వేరే మంచి పాటలూ ఉన్నాయి. వాటికి పండుగ దొరకలేదు, ఇంట్లోనే ఉండిపోయాయి. బతుకమ్మ పాటలైతే మరీ అన్యాయం. రాసిందెవరో తెలియదు, పుట్టిన తేదీ ఏ సర్వీసు రిజిస్టర్లోనూ లేదు, వాటిని రిటైర్ చేయాలంటే ఏ కాగితం చూసి చేయాలి? 'ఉయ్యాలో' అన్న ఒక్క మాటను గుర్తింపు కార్డులా చూపించి ఏటా చెరువుగట్టు మీద హాజరు వేయించుకుంటాయి.

పాటను ఆపడానికి ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. 1952లో కేంద్ర సమాచార శాఖ మంత్రి అయిన కేస్కర్, సినిమా పాటలు జనం అభిరుచిని చెడగొడుతున్నాయని ఆకాశవాణి నుంచి వాటిని దాదాపు బయటికి నెట్టారు. జనం ఏమీ అనలేదు. ధర్నా చేయలేదు. రేడియో ముల్లు సిలోన్ (ఇప్పటి శ్రీలంక) స్టేషన్ వైపు తిప్పుకున్నారు, అంతే. చివరికి 1957 అక్టోబర్ 3న వివిధభారతి పెట్టి సర్కారే ఆ పాటలను పిలిచి కూర్చోబెట్టింది. సస్పెండైన ఉద్యోగి ప్రమోషన్‌తో తిరిగొచ్చిన కేసు ఇదొక్కటే కాదు గానీ, ఇంత బాహాటంగా జరిగింది ఇదే.

కొన్ని పాటలకు డ్యూటీ అయిపోయినా సంగతి అర్థం కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి కట్టి' ఉంది కదా, 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడారు. ఏ బండిలో పోతావని అది నిలదీసిన నైజాం 1948 సెప్టెంబర్ 17న లొంగిపోయాడు. 1967లో కన్నుమూశాడు కూడా. పాట మాత్రం ప్రశ్నను వాపసు తీసుకోలేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో మళ్లీ అడిగింది. ఇప్పుడు కుర్చీలో ఎవరుంటే వాళ్లను అడుగుతుంది, కుర్చీలో ఉన్నవాళ్లు నిన్నటిదాకా ఆ పాటకు కోరస్ ఇచ్చినవాళ్లే అయినా సరే. ఎన్నికలొస్తే అన్ని పార్టీలకూ పాత బాణీలే దిక్కు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఎదురుపడ్డ రెండు ప్రచార ఆటోల్లో ఒకే దరువు మోగుతుంటే, ఓటు ఎవరికి అడుగుతున్నారో వాటిని నడిపేవాళ్లకే అంతుపట్టదు.

మా పాలమూరువాళ్లకు పాతదాన్ని వదులుకోవడం మొదటినుంచీ చేతకాదు. 2018లో చెదలు పట్టిన పిల్లలమర్రికి, అంటే మా దగ్గరి వందల ఏండ్ల మర్రిచెట్టుకు, సెలైన్ సీసాలు వేలాడదీసి, మందెక్కించి నిలబెట్టుకున్నాం. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచిన మా పండుగ సాయన్న కథనూ అంతే. 12 మెట్ల కిన్నెర అనే తంతి వాయిద్యం మీద దాన్ని మోగిస్తూ వచ్చిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, ఆ ఏడే ఓ పెద్ద హీరో సినిమాలో ఆయన గొంతు వినబడింది. అప్పుడు పట్నం వాళ్లు 'ఇదేదో కొత్తగా ఉందే' అన్నారు. ఊళ్లో తరాలుగా పాడుకునే కథ పట్నంలో ఫ్రెషర్ కింద చేరింది. అనుభవం కాలమ్‌లో సున్నా.

'మా కాలంలో పాటలంటే పాటలు' అనే పెద్దల గురించి కూడా ఒక మాట. 1977లో 'అడవి రాముడు' వచ్చినప్పుడు వేటూరి 'ఆరేసుకోబోయి' పాట విని ఇలాంటివీ పాటలేనా అని చీదరించుకున్నవాళ్లున్నారు. ఇప్పుడు దాన్నే 'పాత మధురాలు' కింద వింటూ, మనవడి ఫోన్‌లో మోగే ర్యాప్‌ను అదే మాటతో చీదరించుకుంటున్నారు. ఇరవై ఏండ్లు ఓపిక పడితే ఆ ర్యాప్ కూడా మధురమైపోతుంది. మనిషికి పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య విన్న పాటలే గట్టిగా గుర్తుండిపోతాయని మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. అంటే పెద్దలు మెచ్చుకుంటున్నది ఘంటసాలను కాదు, అప్పటి తమ నెత్తిమీది నల్లటి జుట్టును.

అందుకని వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి అర్జీ పట్టుకుపోతున్నాను. సినిమా పాటకు 61 ఏండ్లు నిండగానే శాలువా కప్పి పంపేయాలి. భగవద్గీతను చావు ఇళ్ల నుంచి విడిపించి, తెల్లారుజామున కోచింగ్ సెంటర్లకు బదిలీ చేయాలి. నైజాం పాట ఎవరిని అడుగుతున్నదో ప్రతి ఐదేండ్లకోసారి గెజిట్లో ప్రకటించాలి.

అర్జీ చివర చిన్న సవరణ ఒకటి చేర్చాను. 1983 నుంచి 1992 దాకా వచ్చిన పాటలకు, ముఖ్యంగా ఇళయరాజావాటికి, ఈ నిబంధనలేవీ వర్తించవు. అప్పట్లో వాటిని మా నాన్న 'డబ్బాల మోత' అనేవాడు. ఆయనకు సంగీతం తెలియదు. అవి నిజంగానే మంచి పాటలు.