సవరణ: కళింగపట్నంలో ఊసరవెల్లి కనపడదు

కళింగపట్నం బీచ్‌లో ఏప్రిల్ రాత్రి తొమ్మిదింటికి దక్షిణాన, సముద్రం మీద ఊసరవెల్లి అనే చిన్న నక్షత్ర మండలాన్ని చూశామని మొన్న రాశాను. అది తప్పు. ఆ మండలం మనకి అసలు ఉదయించదు.

లెక్క చాలా చిన్నది. శ్రీకాకుళం అక్షాంశం సుమారు 18.3 డిగ్రీల ఉత్తరం. 90 లోంచి అది తీసేస్తే దాదాపు 72. అంటే ఖగోళ మధ్యరేఖకి (భూమధ్యరేఖకి నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకి) 72 డిగ్రీలు దాటి దక్షిణాన ఉన్న చుక్క ఎప్పుడూ మన దిగంతం పైకి రాదు. ఊసరవెల్లి మొదలయ్యేదే 75 దగ్గర. కన్యాకుమారి వెళ్లినా దాని ప్రధాన తార ఐదు డిగ్రీల ఎత్తుకి మించదు. పైగా దాని ప్రకాశం 4వ తరగతి, అంటే మసక చుక్క. సముద్రం మీది మసకలో దాన్ని పట్టుకోవడం కష్టమే.

మరి చూసిందేమిటి? గాలిపటంలా నాలుగు చుక్కలు, బాగా మెరుస్తున్నాయి. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. అది దొంగ శిలువ, అంటే అసలు శిలువ మండలమేమో అని భ్రమ పెట్టే నాలుగు చుక్కల ఆకారం. త్రిశంకు అని మనం పిలుచుకునే శిలువ కూడా కాదు, అది ఇంకా తూర్పుగా ఉంటుంది. ఫోన్ యాప్‌లో నేల కనపడకుండా చేసే ఆప్షన్ ఆన్‌లో ఉండిపోయింది, సముద్రం అడుగున ఉన్నదాన్ని కూడా చూపించేసింది. నేను నమ్మేశాను!

ఇంకో పొరపాటు: ఊసరవెల్లిని గ్రీకుల కాలం నాటి మండలం అన్నాను. కాదు. 16వ శతాబ్దం చివర డచ్ నావికులు కైజర్, హౌట్‌మన్ చూసి రాసుకున్న చుక్కలతో డచ్ పటాల తయారీదారు ప్లాన్సియస్ తయారుచేసింది.