బీరువాలో ఉంటేనే భద్రం

తిరుమలలో దర్శనానికి పోయేవాళ్ళు సెల్‌ఫోన్ కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకుంటారు. స్వామిని చూసి వచ్చి ఎవరి ఫోన్ వాళ్ళు పట్టుకుపోతారు. రోజూ వేలమంది. అదే కొండ కింద ఒక యూనివర్సిటీలో, క్లాసులో పిల్లలు జవాబులు నొక్కే 60 హ్యాండ్‌సెట్లను స్టోర్ రూం నుంచి రెండో అంతస్తుకు చేర్చి మళ్ళీ వెనక్కి తేవడం మాత్రం ఇప్పటికీ మానవ ప్రయత్నానికి అందడం లేదు. ఏ యూనివర్సిటీ అని అడక్కండి. నా జీతం అక్కడినుంచే వస్తుంది.

హ్యాండ్‌సెట్టంటే టీవీ రిమోట్‌కి తమ్ముడు. తెరమీద ప్రశ్న పడగానే పిల్లలు బటన్ నొక్కుతారు. లాప్‌టాప్‌కి గుచ్చిన రిసీవర్ ఆ ఓట్లన్నీ లెక్కేసి గ్రాఫ్ గీస్తుంది. చేతులెత్తమంటే క్లాసంతా ముందు బెంచీ టాపర్ని చూసి ఎత్తుతుంది కదా, ఆ బాధ ఉండదు. 1991లో హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ ఇలా క్లాసులో ప్రశ్నలేసే ఒక పద్ధతి మొదలుపెట్టాడు. ముందు ఎవరికి వాళ్ళు జవాబివ్వాలి, తర్వాత పక్కవాడితో వాదించి మళ్ళీ ఇవ్వాలి. పక్కవాణ్ణి అడగడం మనకూ కొత్త కాదు. కాకపోతే మనం దాన్ని పద్ధతి అనలేదు, డిబార్ చేశాం.

ఇక మా వైభవం. స్టోర్ నుంచి బయటికి తేవాలంటే ఇండెంట్, అంటే అడుగుతూ రాసే ఫారం, మూడు కాపీలు, మూడింటి మీదా సంతకాలు. 17వ హ్యాండ్‌సెట్ 17వ రోల్ నంబర్‌కే పోవాలి, లేకుంటే ఒకడి మార్కులు ఇంకొకడికి పడతాయి. యాభై నిమిషాల క్లాసులో పంచడానికి ఇరవై, తిరిగి ఏరుకోవడానికి పదిహేను. మిగిలినదాంట్లో ప్రశ్న ఒక్కటే. క్యాంటీన్లో ఉన్న ముగ్గురి తరఫున నాలుగోవాడు నాలుగూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరికీ అన్యాయం జరక్కుండా తలా ఒక జవాబు నొక్కాడు. పక్క గదిలో వేరే డిపార్ట్‌మెంట్ సెట్టూ మా ఛానెల్ మీదే ఉందట. 60 మంది క్లాసులో 74 ఓట్లు పోలయ్యాయి. గెలిచింది "పైవేవీ కావు". ఈవీఎంలోకి నోటా 2013లో వచ్చింది గానీ, మా ప్రశ్నపత్రాల్లో అంతకు చాలా ముందునుంచే ఉంది.

బ్యాటరీల సంగతి వేరే చెప్పాలి. "పాతది తెచ్చిస్తేనే కొత్తది సార్, దానిక్కూడా ఆఫీసరు సంతకం ఉండాల" అంటాడు అటెండరన్న. పాతవి ఎక్కడున్నాయో ఆయన నెత్తిమీద టిక్కుటిక్కుమంటున్న గోడగడియారానికి తెలుసు.

ఒక కుర్రాడు 42వ దాన్ని పీలేరు బస్సులో మరిచిపోయాడు. వాడి నో డ్యూస్ ఆగింది, టీసీ ఆగింది. ఆరోజునుంచి మిగిలిన 59 బీరువాలోనే ఉన్నాయి, గీత కూడా పడకుండా. ఈవీఎంలనైనా పోలింగ్ కోసం స్ట్రాంగ్ రూం దాటిస్తారు. మావాటికి ఆ గండం కూడా లేదు. స్టాక్ తనిఖీకి వచ్చినవాళ్ళు నిర్వహణ భేషని రాసిపోయారు.

పోయిన నెల, వీటిని కొనసాగించాలా వద్దా అని కమిటీ కూర్చుంది. ఓటింగ్ రహస్యంగా ఉండాలని, హ్యాండ్‌సెట్లతోనే నొక్కుదామని ఒకరన్నారు. ఇండెంట్ మీద సంతకం పెట్టాల్సిన ఆఫీసరు మీటింగ్‌లోనే ఉన్నాడు, స్టాంపు ఆయన గదిలో ఉంది. సరే, చేతులెత్తమన్నారు. అందరం ముందు కుర్చీలో ఉన్న డీన్‌గారి వైపు చూశాం.