పది వరల గుంత గొప్పేం కాదు

మరుగుదొడ్డి గుంత తవ్వే రోజు మేస్త్రీ అనే మాట ఏ ఊళ్లో అయినా ఒకటే: "పది వరలు దించేద్దామండీ, మీ మనవల కాలానికి కూడా నిండదు." ఇంటాయన మురిసిపోయి డబ్బు తీసిస్తాడు. మన పల్లెల్లో బోరు నీళ్లు పాడవడానికి ఈ మురిపెం ఒక పెద్ద కారణం.

అది నిండకపోతే లోపలిదంతా ఎటు పోతున్నట్టు? పది వరలంటే దాదాపు పది అడుగులు. అంత దిగాక, చాలాచోట్ల వానాకాలంలో పైకొచ్చే ఊటనీళ్లలోనే గుంత అడుగు నానుతుంది. గుంత అడుగుకూ నీటిమట్టానికీ మధ్య కనీసం 2 మీటర్ల పొడి మట్టి ఉంటేనే క్రిములు ఆ మట్టిలో చిక్కుకుని చస్తాయి. అలా ఉన్నప్పుడు కూడా బావికీ బోరుకూ 10 మీటర్ల దూరం వదలాలి. పగుళ్ల రాతినేల అయితే ఆ దూరం చాలదు. ఇక మలమూత్రాల్లోంచి పుట్టి నీళ్లలో కలిసే నైట్రేటు అనే లవణాన్ని మట్టి ఆపలేదు, నీళ్లు కాచినా అది పోదు.

ఐదుగురున్న ఇంటికి మీటరు వెడల్పు, మీటరు పైచిలుకు లోతున్న గుంతలు రెండు చాలు. నీళ్లు మట్టిలోకి ఇంకిపోగా మనిషికి ఏడాదికి మిగిలే మడ్డి సుమారు 40 లీటర్లు. అంటే ఒక్కో గుంత మూడేళ్లకు పైనే వస్తుంది. అది నిండాక రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని రెండేళ్లు ముట్టుకోకుండా వదిలేస్తే లోపలిది వాసన లేని పొడి ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలో దిగి ఆ ఎరువును ఎత్తిపోశారు. ఒంటి గుంతలో అలా ఎవరు దిగగలరు? పైన ఎప్పుడూ పచ్చి మలమే కదా. అప్పుడు ట్యాంకరును పిలవాలి, ఆ ట్యాంకరు వాగులోనో పొలంలోనో కుమ్మరించి పోతుంది. లేదంటే తరతరాలుగా ఏ కులంవాళ్లతో ఆ పని చేయిస్తున్నామో వాళ్లనే మళ్లీ దింపుతారు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం. నేరమని తెలిసీ దింపుతున్నారు.

రెండు గుంతలు కట్టినచోటా చాలావరకు పని చెడుతూనే ఉంది. ఎక్కువగా చెడేది వై ఛాంబర్ దగ్గర, అంటే దొడ్డి నుంచి వచ్చే గొట్టం రెండు గుంతలకూ చీలే చిన్న తొట్టి దగ్గర. ఒక దారిని ఇటుక పెట్టి మట్టితో మూసెయ్యాలి. అలా మూయకుండా రెండు దారులూ వదిలేస్తే రెండు గుంతలూ కలిసే నిండుతాయి, పెట్టిన ఖర్చంతా బూడిదలో పోసినట్టే. ఛాంబర్ మూతను సిమెంటుతో శాశ్వతంగా బిగించేసే మేస్త్రీలూ ఉన్నారు. మూడేళ్ల తర్వాత దారి మళ్లించాల్సి వస్తే దాన్ని సుత్తితో పగలగొట్టాలి.

గుంతల మధ్య కనీసం మీటరు ఎడం ఉండాలి. తగ్గితే వాడుతున్న గుంతలోని తడి పక్కదాంట్లోకి ఊరి, ఎండాల్సింది ఎండదు. బజారులో దొరికే వరల్లో చాలావాటికి రంధ్రాలుండవు. అలాగే దించితే నీళ్లు పక్కలకు ఇంకే దారి లేక గుంత త్వరగా పొంగుతుంది. రంధ్రాలున్న వరలైనా కావాలి, జాలీగా పేర్చిన ఇటుక కట్టుబడైనా కావాలి. అడుగున కాంక్రీటు వేయకూడదు. గాలిగొట్టం అక్కర్లేదు, వాయువులు మట్టిలోకే పోతాయి. స్నానం నీళ్లు ఇందులోకి వదలొద్దు, యాసిడ్ పోయొద్దు.

బేసిన్ విషయంలో పట్నం మోజు వద్దు. బాగా వాలుగా ఉండే గ్రామీణ బేసిన్, దాని కింద 20 మిల్లీమీటర్ల నీరు మాత్రమే నిలిచే ట్రాప్ (వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపు గొట్టం) పెడితే రెండు లీటర్లతో శుభ్రమవుతుంది. 50 మిల్లీమీటర్లు నిలిచేది పెడితే బకెట్టు పోయాలి. ఆ బకెట్టు మోసేది ఇంట్లో ఆడవాళ్లే. మోయలేని రోజున మళ్లీ చెంబుతో చెరువుగట్టుకే.

కోనసీమలాంటి చోట్ల నీళ్లు నేలకు చేరువగా ఉంటాయి కాబట్టి గుంతను నేల పైకి ఎత్తి కట్టాలి. అడుగును నీరు దిగకుండా మూసి, చుట్టూ అర మీటరు మందాన సన్న ఇసుక పోయాలి. ఖర్చు పెరుగుతుంది. ప్రభుత్వం ఇచ్చే 12,000 రూపాయలు అక్కడ ఎలా సరిపోతాయనుకున్నారు? నేలను బట్టి ఆ మొత్తం పెంచమని గ్రామసభలో గట్టిగా అడగాలి.

మేస్త్రీకి ఆఖరి డబ్బులు ఇచ్చేముందు రెండు గుంతల మూతలూ తీయించి, బేసిన్‌లో బకెట్టు నీళ్లు పోయండి. నీళ్లు ఒక్క గుంతలోకే పడాలి. రెండింట్లోనూ పడితే ఆ రోజే సరిచేయించండి.